తినదగిన పండ్లు కాసే స్థానిక పూల పొదలను ఎలా గుర్తించాలి?

పండు రంగును మాత్రమే చూసి ఎన్నడూ నిర్ణయించకూడదు. పూత సమయం నుంచే పొదను గమనిస్తూ, ఆకుల అమరిక, ముళ్లు, పువ్వు, పండులోని గింజ, ఈ నాలుగూ ఒకే మొక్కకు సరిపోయినప్పుడే అది ఫలానా మొక్క అని చెప్పడం క్షేమకరం.

ఉదాహరణకు కలివి పొదలో దళసరి, నున్నని ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా ఉంటాయి, గట్టి ముళ్లు కూడా జంటలుగానే వస్తాయి, ఐదు రేకుల తెల్లని పువ్వులు సువాసన వెదజల్లుతాయి, ఎర్రబడిన కాయలు పండి నల్లగా మారుతాయి. దీని కొమ్మ తుంచితే పాలు కారుతాయి. పాలు కారే మొక్కలన్నీ విషపూరితమనే నియమం ఇక్కడ వర్తించదు. అయినా అదే కుటుంబానికి చెందిన గన్నేరు ప్రాణాంతకం కాబట్టి, ముళ్లు లేని పాల మొక్కను రుచి చూడనే కూడదు.

రేగు జాతి పొదలను ఆకు మొదలు నుంచి సాగే మూడు ఈనెలను బట్టి, పండులోని ఒకే ఒక గట్టి టెంకను బట్టి పోల్చుకోవచ్చు.

ఎక్కువగా పొరబడేది లాంటానా విషయంలోనే. అది అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన మొక్క; నాలుగు పలకల కాండం, గరుకైన ఆకులు, నలిపితే వచ్చే ఘాటైన వాసన దాని గుర్తులు. దాని పచ్చికాయలు విషపూరితం. పక్షులు దాని పండ్లను విరివిగా తింటాయి గనుక, పక్షి తిన్నది మనిషికీ పనికొస్తుందనే నమ్మకాన్ని పూర్తిగా విడిచిపెట్టాలి.