యుద్ధం తర్వాత బ్రిటన్‌లో సామాన్యుల ఇళ్ళ కోసం ఎక్కువ పనిచేసిన నాయకుడు ఎవరు?

ఈ ప్రశ్నకి చాలామంది 1945 తర్వాతి ఆరోగ్య మంత్రి ఎనైరిన్ బెవాన్ పేరు చెప్పి ఊరుకుంటారు. నేను మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి జాన్ వీట్లీ అంటాను. ఐర్లాండ్‌లో పుట్టి, చిన్నప్పుడే స్కాట్లాండ్ వచ్చి, బొగ్గు గనిలో పనిచేసి, 1922లో గ్లాస్గోలోని షెటిల్‌స్టన్ నుంచి పార్లమెంటుకి వెళ్ళినాయన.

గ్లాస్గోలో చదువుకునేటప్పుడు నాకు మొదట దొరికింది పాత టెనెమెంట్‌లో, అంటే అంతస్తుల అద్దె భవనంలో, ఒక గది. గోడంతా చెమ్మ, మంచం వెనక నల్లగా బూజు. ఏజెంటుకి ఫోన్ చేస్తే కిటికీ తీసి పెట్టుకోమనేవాడు, అదీ జనవరిలో! తర్వాత నైట్స్‌వుడ్‌లో ఒక పెద్దావిడ ఇంట్లోకి మారాను. 1920లలో నగర కార్పొరేషన్ కట్టించిన ఇల్లు, వెనక పెరడు, గాలీ వెలుతురూ, లోపలే స్నానాల గది. ఆవిడ వాళ్ళమ్మ పెరిగింది వంటా పడకా అన్నీ ఒకే గదిలో సాగే కొంపలో, మరుగుదొడ్డి మెట్ల దగ్గర, నాలుగిళ్ళకీ అదే. ఈ ఇంటికొచ్చిన రోజు ఆ తల్లి పిల్లలందర్నీ తొట్టిలో కూర్చోబెట్టి కుళాయి కట్టకుండా అలా నిలబడిపోయిందట. ఆ మాట చెబుతూ ఆవిడ నన్ను బాత్రూమ్ దాకా తీసుకెళ్ళి మరీ చూపించింది.

వీట్లీ గురించి చదవడం అప్పుడే మొదలుపెట్టాను. 1924 నాటి లేబర్ ప్రభుత్వానికి మెజారిటీ లేదు, ఏడాది కూడా నిలవలేదు. ఆ కాస్త టైములోనే ఆరోగ్య మంత్రిగా ఆయన ఇళ్ళ చట్టం తెచ్చాడు. కౌన్సిల్, అంటే స్థానిక పాలక సంస్థ, అద్దెకిచ్చే ఒక్కో ఇంటికి ప్రభుత్వ సబ్సిడీ ఏడాదికి 9 పౌండ్లు, 40 ఏళ్ళ పాటు. అంతకు ముందు ఏడాది కన్జర్వేటివ్ మంత్రి నెవిల్ ఛాంబర్లేన్ తెచ్చిన చట్టం ఇచ్చింది 6 పౌండ్లు, 20 ఏళ్ళు. డబ్బు కంటే నాకు నచ్చింది ఇంకోటి. యుద్ధం తర్వాత తాపీమేస్త్రీలు చాలరు, రేపు పని ఉంటుందో లేదో అన్న భయంతో అప్పటికే పనిలో ఉన్న మేస్త్రీలు కొత్తవాళ్ళని రానివ్వరు. ఆయన బిల్డర్లతోనూ యూనియన్లతోనూ మాట్లాడి, 15 ఏళ్ళ పని ఉంటుందని భరోసా ఇచ్చి, పని నేర్చుకునే కుర్రాళ్ళని, అంటే అప్రెంటిస్‌లని, తీసుకోవడానికి ఒప్పించాడు. 1933లో సబ్సిడీ ఆపేసేలోగా దాదాపు 5 లక్షల ఇళ్ళు లేచాయి. ఇళ్ళ పథకం అనగానే శంకుస్థాపన ఫలకం గుర్తొచ్చే మన నాయకులు చదవాల్సింది ఈ ఒప్పందం గురించే.

మరీ పేదవాళ్ళకి ఆ అద్దెలు కూడా భారమే అన్న విమర్శ నిజమే. కానీ 1980 తర్వాత కౌన్సిల్ ఇళ్ళని అందులో ఉన్నవాళ్ళకే అమ్మేయడం మాత్రం నేను ఒప్పుకోను, పెరడున్న మంచి ఇళ్ళే ముందు పోయాయి. స్కాట్లాండ్ 2016లో ఆ అమ్మకాలు ఆపింది, చాలా ఆలస్యంగా. ఇప్పుడు గ్లాస్గోలో పేదలకి ఇళ్ళు అద్దెకిచ్చే పెద్ద సంస్థకి వీట్లీ పేరే ఉంది, అయినా నాతో చదివిన అక్కడి పిల్లల్లో ఒక్కరికీ ఆయనెవరో తెలియదు, అది నాకు చాలా బాధనిపించింది.