కారు వెనక ట్రైలర్ కట్టాలంటే దానికీ ఆర్‌సీ కావాలా?

ప్రశ్న: నా ఎస్‌యూవీకి వెనక హుక్ వేయించాను. వర్క్‌షాపులో రెండు చక్రాల ట్రైలర్ చేయించి, సొంత సామాను తీసుకెళ్దామని ఆలోచన. కారుకు ఆర్‌సీ, ఇన్సూరెన్స్ ఉన్నాయి. ఇంజిన్ లేని ట్రైలర్‌కు కూడా విడిగా కాగితాలు కావాలా?

జవాబు: కావాలి. మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 2(28)లో ‘మోటారు వాహనం’ నిర్వచనంలోనే ట్రైలర్ ఉంది. ఇంజిన్ లేదన్న వాదన పనికిరాదు. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కిస్తే సెక్షన్ 192 కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. రిజిస్ట్రేషన్‌కు ఫారం 20తో పాటు ఫారం 21, అంటే అమ్మకపు సర్టిఫికెట్ పెట్టాలి. వర్క్‌షాపు బిల్లు దానికి బదులు కాదు. కాబట్టి ఇనుము కోయించకముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి. నంబరు వచ్చాక, సెక్షన్ 61 ప్రకారం ట్రైలర్ నంబరు దాని పక్కభాగాన, లాగే కారు నంబరు ట్రైలర్ మీద కనబడాలి.

హుక్ సంగతి: కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలకు బిగిస్తే ఒక తీరు, ఛాసిస్‌ను కోసి వెల్డింగ్ చేస్తే మరో తీరు. రెండోదానికి, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదనే సెక్షన్ 52 చిక్కు రావచ్చు.

జరిమానా కంటే నన్ను భయపెట్టేది ఇన్సూరెన్స్. ప్రైవేటు కారు పాలసీలో ‘వాడకానికి పరిమితులు’ అన్న పేరా తీసి చదవండి. వ్యక్తిగత లగేజీ, శాంపిళ్లు తప్ప సరుకు రవాణాకు పాలసీ వర్తించదని మామూలుగా అందులోనే ఉంటుంది. ట్రైలర్‌ను పాలసీలో విడిగా రాయించుకోకపోతే, అది ఎవరినైనా గుద్దినప్పుడు కంపెనీ చేతులెత్తేయడానికి మీరే దారిచ్చినట్టు. బాధితులకు ముందు చెల్లించి, ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకోమని తీర్పు వచ్చినా చివరికి మునిగేది మీరే.

ఇక బరువు. కారు మాన్యువల్‌లో రెండు అంకెలు చూడండి: లాగగలిగే బరువు, హుక్ మీద పడదగిన బరువు. ట్రైలర్ 250 కిలోలు, సామాను 400 అనుకుంటే మొత్తం 650. అందులో సుమారు పదోవంతు, 65 కిలోలు, హుక్ మీద పడాలి. అది కారు మోసే బరువులోనూ కలుస్తుంది, అంటే ఒక మనిషి సీటు పోయినట్టే. బరువైనవన్నీ ఇరుసు వెనక పేరిస్తే హుక్ మీద భారం తగ్గి, వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు గట్టిగా బ్రేక్ తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి.

సేఫ్టీ గొలుసులు హుక్ కింద అడ్డంగా, ఒకదానిమీద ఒకటి పడేలా తగిలించాలి. హుక్ ఊడినా ట్రైలర్ ముందు కడ్డీ నేలను తాకకుండా వాటి మీద ఆగుతుంది. బ్రేక్ లైటు, ఇండికేటర్లు ట్రైలర్‌లోనూ వెలగాలి. లోపమని తెలిసీ నడిపితే సెక్షన్ 190 వర్తిస్తుంది.

సామాను ఎక్కించాక ఒకసారి కాటా వేయించి, ఆ చీటీని ఆర్‌సీతోపాటు ఉంచుకోండి. ఓవర్‌లోడ్ ఆరోపణ వస్తే చూపించడానికి మీ చేతిలో ఉండే కాగితం అదే.