కార్డు ఆగుతుంది, ఆషాఢం ఆగదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. ముహూర్తాలున్న నెలల్లో 60 వేల దాకా వస్తుంది. ఇంటి ఖర్చు 22 వేలు. చేతిలో 14 వేలున్నాయి. ఎడిటింగ్ వేగంగా సాగడానికి కంప్యూటర్లో వేసే గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 58 వేలంటున్నారు, ఇంకా పెరుగుతుందట. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి సగం, క్రెడిట్ కార్డు వాయిదాలతో మిగతా సగం కట్టి ఇప్పుడే కొనేయనా?

సమాధానం: వద్దు. పెళ్లిళ్ల మీద బతికేవారు చాలామంది చేసే పొరపాటే ఇది. ఒకరికి డ్రోను, ఇంకొకరికి కెమెరా, మీకు ఈ కార్డు. ముహూర్తాల నెల రాబడి చూసుకుని ఏడాది వాయిదాలకు సంతకం పెట్టేస్తారు. ఆషాఢంలో మీకు ఎంత వస్తుందో ఉత్తరంలో రాయనేలేదు. పుష్యం, మూఢం సంగతీ లేదు. తిరుచానూరు మండపాల్లో మేళం మోగకపోయినా బ్యాంకు వాయిదా తేదీ మారదు.

మీ 14 వేలు ఇంటికి 19 రోజుల ఖర్చు. రాబడి ఇలా ఎగుడుదిగుడుగా ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు, అంటే 1,32,000 రూపాయలు పక్కన ఉండాలి. ముహూర్తాల నెలలో డబ్బు పడిన రోజే 25 వేలు వేరే ఖాతాలోకి మళ్లించండి. ఆ ఖాతాను ఫోను చెల్లింపులకు జతచేయకండి. ఖాళీ నెలల్లో అందులోంచే తీస్తారు కనుక అది నిండడానికి రెండు సీజన్లు పట్టవచ్చు. పట్టనివ్వండి.

అమ్మ గొలుసు జోలికి అసలు వెళ్లకండి. అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే మీ ఇంట్లో ప్రస్తుతం ఉన్న ఆసరా అదొక్కటే. ఇక క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం పడితే ఏడాదికి 42. వడ్డీ లేని వాయిదా అన్నా, బ్యాంకు వడ్డీ వేస్తుంది, దాన్ని తగ్గింపుగా సరిచేసి చూపుతారంతే; ఆ కనిపించని వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కడతారు. ధర పెరుగుతుందన్న భయంతో ఇంత వడ్డీకి ఒప్పుకోవడం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

ధర పెరగదని నేను అనడం లేదు. ఈ కార్డుల్లో వాడే మెమరీ చిప్‌లను ఏఐ డేటా కేంద్రాలు ఎగరేసుకుపోతున్నాయి. పేర్ల గందరగోళం సరేసరి: 5060 టీఐ పేరుతోనే 8 జీబీదీ ఉంది, బిల్లు మీద చూసుకోవాలి. 2022లో ఇదే కంపెనీ ఎన్విడియా 12 జీబీ 4080 అని ప్రకటించిన కార్డు విమర్శలతో వెనక్కి వెళ్లి, 2023 జనవరిలో 4070 టీఐ పేరుతో వచ్చింది. అటువంటి సరుకు కోసం గొలుసు తాకట్టా!

ఆ ఖాతా నిండేవరకు ప్రాక్సీ ఫైళ్లతో, అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తక్కువ నాణ్యత వీడియో నకళ్లతో, నెట్టుకురండి. వారంటీ మిగిలిన పాత కార్డు దొరికితే చూడవచ్చు, నగదుకే.

ముందు గత 12 నెలల జమలు నెలవారీగా ఒక కాగితం మీద రాయండి. ఆషాఢం ఎదురుగా పడే అంకె చూశాకే దుకాణానికి ఫోను చేయండి.