సింఫనీలో పుల్ల పట్టుకుని నిలబడే ఆయన పనేంటి?

ఇళయరాజా సింఫనీ చూసి, పుల్ల పట్టుకుని నిలబడే ఆయన పనేంటని ఒడిశాలోని బరంపురం నుంచి అడిగారు కాబట్టి అక్కడి మాటతోనే మొదలుపెడతాను. మన వైపు ఆర్కెస్ట్రా అంటే పెళ్లిళ్లలో, ఠాకురాణి యాత్రలో (అక్కడి అమ్మవారి జాతరలో) సినిమా పాటలు పాడే పార్టీ, పది మందిలోపే ఉంటారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటే సరిపోతుంది. మీరు చెప్పిన ఇళయరాజా సింఫనీ అలాంటిది కాదు, సింఫనీ అంటే చాలామంది వాద్యకారులున్న పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన పొడవైన సంగీత రచన. 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది, స్వరరచన ఇళయరాజాది, పుల్ల పట్టుకుని నడిపించిన కండక్టర్ మికెల్ టామ్స్.

అంతమందిలో ప్రతి ఒక్కరి ముందూ ఉండేది తన భాగం నొటేషన్ (రాసి ఉన్న స్వరాలు) మాత్రమే, పక్కవాడు ఏం వాయించాలో అందులో ఉండదు. అందరి భాగాలూ ఉన్న మొత్తం కాగితం కండక్టర్ దగ్గరే ఉంటుంది. పైగా శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లే వెళ్తుంది కదా, 17 మీటర్ల దూరంలో వెనక కూర్చున్న డ్రమ్ము చప్పుడు ముందున్న వయొలిన్ వాళ్లకి సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది, చెవిని నమ్ముకుంటే తాళం జారిపోతుంది, అందుకే కళ్లతో ఆ పుల్లని చూస్తారు.

మన కచేరీలో గాయకుడు తొడ మీద తాళం వేస్తే మృదంగం అందుకుంటుంది చూడండి, అదే పని, కాకపోతే ఇంకా పెద్దది. ఎక్కడ నెమ్మదించాలి, ఏ వాద్యం తగ్గి ఏది పైకి రావాలి అనేది కూడా ఆయన నిర్ణయమే. నా దృష్టిలో అసలు పని రిహార్సల్స్‌లోనే జరిగిపోతుంది, స్టేజీ మీద మనకి కనిపించేది దాని గుర్తు మాత్రమే.