ముప్పయ్యో రోజు దాటనివ్వకండి

ప్రశ్న: మా బాబు 32 వారాలకే పుట్టాడు, బరువు 1,700 గ్రాములు. ఎన్‌ఐసీయూలో రెండు వారాలకు పైగా ఉంచారు, కొన్నాళ్ళు ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు 25 రోజులు. డిశ్చార్జి కాగితంలో అడుగున ‘ఆర్‌ఓపీ స్క్రీనింగ్’ అని రాసుంది, అదేంటో ఎవరూ చెప్పలేదు. పాలు బాగా తాగుతున్నాడు, లైటు వేస్తే కళ్ళు మూసుకుంటున్నాడు. మూడో నెల వచ్చేదాకా పసివాణ్ణి గడప దాటించొద్దని మా అమ్మ. డల్లాస్‌లో ఉండే మా వదినేమో అక్కడ 30 వారాల లోపు వాళ్ళకే ఈ పరీక్ష చేస్తారు, మనవాడికి అక్కర్లేదంటోంది. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. ఆక్సిజన్ వల్లే ఇదంతానా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పరీక్ష అవసరమే అమ్మా, అదీ ఈ నాలుగైదు రోజుల్లోనే. ఆర్‌ఓపీ అంటే రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కళ్ళకు వచ్చే జబ్బు; అది ఉందో లేదో చూడటమే ఈ స్క్రీనింగ్. ముందు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీ వదిన చెప్పింది అమెరికా సంగతి. అక్కడ 30 వారాలు, 1,500 గ్రాములు అని గీత పెట్టుకున్నారు. మన దగ్గర అంతకంటే పెద్దగా, బరువుగా పుట్టిన పిల్లల్లో కూడా ఈ జబ్బు ముదరడం డాక్టర్లు చూశారు, అందుకే ఇక్కడ 34 వారాల లోపు పుట్టినా, 2,000 గ్రాముల లోపు ఉన్నా చూడాల్సిందే. మీవాడు రెండు లెక్కల్లోనూ ఉన్నాడు. పుట్టిన 30 రోజుల్లోపు మొదటి పరీక్ష అయిపోవాలి, మరీ చిన్న పిల్లలకైతే రెండు మూడు వారాలకే. డిశ్చార్జి రోజు నుంచి కాదు, పుట్టిన రోజు నుంచి లెక్క.

కంటి లోపల వెనకవైపు చూపునిచ్చే పొర రెటీనా. దాని మీద రక్తనాళాలు కడుపులో నాలుగో నెలలో మొదలై, నెలలు నిండేసరికి అంచుదాకా పాకుతాయి. ముందే పుట్టినవాళ్ళలో ఆ పని సగంలో ఉంటుంది. కొందరిలో అవి దారి తప్పి పిచ్చిగా పెరిగి, రక్తం కారి, చివరికి రెటీనానే లాగేస్తాయి. ఇదంతా లోపల జరుగుతుంటే పైకి కళ్ళు మామూలుగానే కనిపిస్తాయి, లైటుకు మూసుకుంటాయి కూడా. నల్లగుడ్డు నడుమ తెల్లగా కనిపించిందంటే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు, ఆపరేషన్ చేసినా చూపు దక్కడం కష్టం. అదే వేళకు పట్టుకుంటే లేజర్‌తోనో, కంట్లో ఇంజెక్షన్‌తోనో చాలామందికి చూపు నిలుస్తుంది, కాకపోతే చేయాలన్నాక రెండు మూడు రోజుల్లో చేయించాలి, అప్పుడు మంచిరోజు కోసం చూడకూడదు.

భయపడకండి, చాలామందికి జబ్బు తేలిగ్గా వచ్చి దానంతటదే తగ్గిపోతుంది. కానీ ‘ఈసారి బాగుంది’ అన్నారని ఆపేయకండి. నాళాలు పూర్తిగా పెరిగేదాకా వారానికో రెండు వారాలకో రమ్మంటారు.

పరీక్షకు గంట ముందు నుంచి పాలు పట్టొద్దు. కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెట్టి చూస్తారు. బాబు గట్టిగా ఏడుస్తాడు, రెప్పలు కాస్త వాచొచ్చు, సాయంత్రానికి సర్దుకుంటాడు. చూడలేకపోతే మీరు బయట కూర్చోండి, తప్పేం లేదు. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ పరీక్షలు 1990ల చివరి నుంచీ చేస్తున్నారు. అంతదూరం వద్దనుకుంటే జిల్లా ఆసుపత్రిలో అడగండి, ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ జబ్బు కూడా ఉంది.

ఆక్సిజన్ మోతాదు మించితే ముప్పు పెరుగుతుంది, నిజమే, కానీ అది లేకపోతే మీవాడు బతికేవాడు కాదేమో. ఎవర్నీ తిట్టుకోవద్దు. చెప్పకుండా పంపడం మాత్రం ఆసుపత్రి తప్పే. చెన్నైలో 1996లో ఇలాగే పరీక్ష లేకుండా ఇంటికి పంపిన పాప చూపు పోతే, 2015లో సుప్రీంకోర్టు దాదాపు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇప్పించింది.

అమ్మగారితో గొడవ పడకండి. బాబును పొత్తిళ్ళలో చుట్టి, ఆవిణ్ణి కూడా కారెక్కించుకుని వెళ్ళండి.

ప్రశ్న: మా పాపకు ఆర్‌ఓపీ వస్తే లేజర్ చేశారు. ఇప్పుడు రెండున్నరేళ్ళు, అన్నీ గుర్తుపడుతోంది. ఇంకా చూపించాలా?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: చూపించాలండీ. ఇలాంటి పిల్లల్లో మైనస్ పవర్, మెల్లకన్ను, ఒక కంట్లో చూపు మందగించడం ఎక్కువ. అద్దాలు రాస్తే ‘ఆడపిల్లకి ఇప్పుడే కళ్ళజోడేంటి’ అని దాచకండి, ఈ వయసులో పెట్టకపోతే తర్వాత పెట్టినా ఆ కన్ను పూర్తిగా పుంజుకోవడం కష్టం. ఏడాదికోసారైనా చూపించండి, పాత లేజర్ కాగితాలు వెంట తీసుకెళ్ళండి.