స్టెరాయిడ్లు వాడుతున్న కుక్కకు మెదడులో ఫంగస్: నయమవుతుందా?

ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఎర్ర రక్తకణాలను నాశనం చేసే జబ్బుకు మీ కుక్క ఆ వ్యవస్థను అణిచే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ వాడుతోందని, ఇప్పుడు తల వాల్చి తూలుతోందని, డాక్టరు మెదడులో ఫంగస్ కావచ్చన్నారని రాశారు. నయమవుతుందా, ఇంట్లో పిల్లలకు అంటుతుందా అని అడిగారు.

నయమవడం అది ఏ ఫంగస్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు ఆ పేరు తేల్చమనండి.

మా లాబ్రడార్‌కు కూడా ఇవే మందులు నడుస్తుండగా నడక తప్పింది. మొదట డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అన్నారు, తర్వాత పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా అన్నారు. మన ఊళ్లలో ముందుగా వాటినే అనుమానిస్తారు, అందులో తప్పేమీ లేదు. చివరికి వెన్ను నుంచి తీసిన ద్రవంలో క్రిప్టోకాకస్ కనిపించింది. పావురాల రెట్టలు కలిసిన మట్టిలో పెరిగే ఈస్ట్ రకం ఫంగస్ ఇది, ఊపిరితో లోపలికి వెళుతుంది. మా బాల్కనీ పావురాల మీద నాకు ఇప్పటికీ అనుమానమే, రుజువు లేదనుకోండి. మెదడులో ఒత్తిడి పెరిగి ఉంటే ఆ ద్రవం తీయడం ప్రమాదం, అందుకే ముందు ఎమ్మారై తీయించారు. ఈ ఈస్ట్ చుట్టూ ఉండే జిగురు పొరను రక్తంలోనే గుర్తించే లేటెక్స్ పరీక్ష కూడా ఉంది, అడగండి.

క్రిప్టోకాకస్‌కు ఫ్లూకొనజోల్ ఇస్తారు. అది మెదడులోకి బాగా చేరుతుంది, మనుషుల మందుల షాపులోనే దొరుకుతుంది. ఆస్పర్జిల్లస్ అనే మరో ఫంగస్ అయితే మాత్రం అది పనిచేయదు, వోరికొనజోల్ లాంటిది కావాలి. మీది జర్మన్ షెపర్డ్ అయితే, అందులోనూ ఆడదైతే, ఆస్పర్జిల్లస్ సంగతి తప్పక అడగండి. ఆ జాతిలో అది ఒళ్లంతా పాకి వెన్నుపూసల మధ్య కూడా చేరుతుంది. క్లాడోఫియాలోఫోరా అనే నల్ల ఫంగస్ అయితే ఆశ తక్కువ, దాచడం ఎందుకు.

ఫంగస్ అనగానే కంగారుపడి ప్రెడ్నిసొలోన్‌ను ఒక్కసారిగా ఆపేయకండి. ఎక్కువ కాలం వాడాక అలా ఆపితే అదే ప్రాణం మీదకు తెస్తుంది, మెల్లగా తగ్గించాలి. ఫ్లూకొనజోల్ వేస్తే రక్తంలో సైక్లోస్పోరిన్ పెరుగుతుంది, దాని డోసు కూడా సరిచూడమనండి.

మాది కొద్ది వారాలకే తోక ఊపుతూ తిరిగింది, మందు మాత్రం నెలల తరబడి సాగింది. లేటెక్స్ పరీక్ష పూర్తిగా నెగటివ్ అయ్యేదాకా డాక్టరు ఆపనివ్వలేదు. మధ్యమధ్యలో కాలేయ పరీక్షలు చేయించారు.

పిల్లల విషయానికొస్తే, క్రిప్టోకాకస్ కుక్క నుంచి మనిషికి అంటదు. పావురాల రెట్టలను మాత్రం పొడిగా ఊడవకండి, నీళ్లు చల్లి తడిపి తీయండి.