భూస్థిర ఉపగ్రహం ఎక్కడ ఉంటుంది?

సందేహం: దక్షిణాసియా ఉపగ్రహం (జీశాట్-9) గురించి పిల్లలతో గోడపత్రిక రాయిస్తున్నాను. ‘భూస్థిర’ అంటే భూమి మీద స్థిరంగా ఉన్నది అనే అర్థం రాదా? ‘భూసమవర్తన’ అన్నా అదేనా? కవరేజీని ‘కప్పే ప్రాంతం’ అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, సూళ్లూరుపేట

సమాధానం: ‘భూస్థిర’ మంచి మాట, నిస్సంకోచంగా వాడండి. చిక్కంతా విగ్రహవాక్యంలో ఉంది. ‘భూమి యందు స్థిరం’ అని సప్తమి పెట్టి విడదీస్తే అది కొండకు సరిపోతుంది, ఉపగ్రహానికి సరిపోదు. ఇక్కడ ‘భూమిని బట్టి స్థిరం’ అని చెప్పుకోవాలి. సమాసంలో లోపించిన విభక్తి ఏదో సందర్భమే చెబుతుంది: ‘దొంగభయం’లో భయం దొంగ వల్ల, ‘దక్షిణాసియా ఉపగ్రహం’లో ఉపగ్రహం దక్షిణాసియా కోసం.

నిజానికి భూస్థిర ఉపగ్రహం సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంటుంది. భూమధ్యరేఖకు 35,786 కి.మీ. ఎత్తున, భూమి తిరిగే దిక్కులోనే, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే 23 గంటల 56 నిమిషాల్లోనే ఒక చుట్టు పూర్తిచేస్తుంది. అందుకే డిష్‌ను ఒకసారి బిగిస్తే మళ్లీ తిప్పే పని ఉండదు. పిల్లల చేత ‘కదలదు’ అని కాక ‘కదలనట్టు కనిపిస్తుంది’ అని రాయించండి.

‘భూసమవర్తన’ అంటే చుట్టు తిరిగే కాలం భూభ్రమణ కాలంతో సమానం, అంతవరకే. భూస్థిర కక్ష్యలన్నీ భూసమవర్తనాలే. తిరగేసి అంటే తప్పు. మన దేశపు స్థాన నిర్దేశ వ్యవస్థ నావిక్‌ను ఏడు ఉపగ్రహాలతో రూపొందించినప్పుడు మూడింటిని భూస్థిర కక్ష్యకూ, నాలుగింటిని భూమధ్యరేఖకు సుమారు 29 డిగ్రీలు వాలిన కక్ష్యలకూ కేటాయించారు. ఈ నాలుగూ భూసమవర్తనాలే అయినా, కింది నుంచి చూస్తే ఉత్తర దక్షిణాలకు ఊగుతూ రోజుకొక 8 అంకె గీస్తాయి. వాటిని భూస్థిరం అనకూడదు.

పత్రికల్లో తరచూ కనిపించే మరో పొరపాటు కూడా చెప్పాలి. 2017 మే 5న మీకు దగ్గరలోని శ్రీహరికోట నుంచి వెళ్లిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్09 రాకెట్ జీశాట్-9ని వదిలింది భూస్థిర కక్ష్యలో కాదు, బదిలీ కక్ష్యలో. అది కోలగా ఉంటుంది. భూమికి దగ్గరి కొన దాదాపు 170 కి.మీ., దూరపు కొన దాదాపు 36,000 కి.మీ. అక్కడి నుంచి ఉపగ్రహమే తన ఇంజన్ మండించుకుని విడతలవారీగా పైకి చేరింది. కాబట్టి ‘రాకెట్ భూస్థిర కక్ష్యలో ప్రవేశపెట్టింది’ అనకండి.

‘దక్షిణాసియా మీద ఉన్న ఉపగ్రహం’ అన్నదీ సరికాదు. దాని చోటు భూమధ్యరేఖకు పైన. సరిగ్గా దాని కింద ఉన్నది హిందూ మహాసముద్రం! మీ బడి మేడ మీద నిలబడి చూపించాలంటే వేలు నడినెత్తికి పోకూడదు. దక్షిణపు ఆకాశం వైపు వాలాలి. పిల్లలకు ఇది చేసి చూపించండి, ‘మీద’ అనే మాట వాళ్లే కొట్టేస్తారు.

ఇక ‘కప్పే ప్రాంతం’ వద్దు. తెలుగులో కప్పడమంటే మూయడం. ‘ప్రసార పరిధి’ ఫరవాలేదు కానీ, గీత గీసినట్టు అక్కడితో ఆగిపోతుందన్న భావం కలిగిస్తుంది. సంకేతం అంచుల వైపు పోనుపోను బలహీనపడుతుంది; అక్కడ ఇంకా పెద్ద డిష్ కావాలి. మన భాషలో దీనికి ‘అందడం’ అనే క్రియ ఉంది: ‘ఈ ఉపగ్రహంలోని 12 కేయూ బ్యాండ్ (ఒక రేడియో తరంగాల శ్రేణి) ట్రాన్స్‌పాండర్ల (సంకేతాన్ని అందుకుని తిరిగి నేలకు పంపే పరికరాల) సేవలు భారత్‌తో పాటు అఫ్గానిస్థాన్, బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, నేపాల్, శ్రీలంకలకు అందేలా రూపొందించారు.’ గట్టి వానలో కేయూ బ్యాండ్ సంకేతం నీరసించి బొమ్మ ఆగిపోతే, దాన్ని ‘పరిధి దాటింది’ అనలేం. ‘సంకేతం అందలేదు’ అంటే చక్కగా అతుకుతుంది. ట్రాన్స్‌పాండర్‌ను మాత్రం అలాగే ఉంచండి, ఆ పని చేసేవాళ్లందరూ అలాగే అంటారు.